అవును, నాకు వర్క్ వీసా కావాలి

ఖమ్మంలో కన్సల్టెన్సీ అనగానే జనానికి విమానం బొమ్మ వేసిన బోర్డు గుర్తొస్తుంది. నేను పనిచేసిన ఆఫీసుకూ అలాంటి బోర్డే ఉండేది. వైరా రోడ్డులో చెప్పుల దుకాణం పైన, రెండో అంతస్తు. అంతకుముందు కొత్తగూడెంలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పేదాన్ని. రెండు వేల నాలుగులో అది మానేసి ఇందులో చేరాను. విదేశాల్లో ఎంబీఏ చదవాలనుకునేవాళ్లకు ఏ కాలేజీ మంచిది, చదువయ్యాక ఏ ఉద్యోగం దొరుకుతుంది, ఆ ఉద్యోగానికి వర్క్ వీసా ఎవరు పెడతారు, ఇవన్నీ విడమరిచి చెప్పడం నా పని.

ఇప్పుడు ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నా దగ్గరికొచ్చి, ఏం నేర్చుకోవాలి మేడమ్ అని అడుగుతుంటారు. కాలేజీల ర్యాంకులు, వీసా నిబంధనలు కంప్యూటర్లో దొరుకుతాయి. అవి నేను చెప్పక్కర్లేదు. ఈ ఉద్యోగం అసలేమిటో నాకు మణుగూరు నుంచి వచ్చిన ఒకమ్మాయి వల్ల తెలిసింది. ఆ సంగతి చెబుతాను.

మా యజమాని

మా యజమాని సాంబశివరావుగారు. వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర మామిడి తోటలు వేసుకున్నారు. ఈయన తోటలు తమ్ముడికి వదిలి ఖమ్మంలో ఆఫీసు పెట్టాడు. మంచి మాటకారి. చెడ్డవాడని నేను అనను. ఎదుటివాడి ముఖం చిన్నబోతే చూడలేడు, అదీ ఆయన జబ్బు. ఎవరు ఏమడిగినా అవుతుందనే అంటాడు. “ఉద్యోగమా? అక్కడికెళ్లాక అదెంతసేపండీ” అనేవాడు.

నేను దానికి పూర్తిగా ఎదురు. పిల్లలు కుర్చీలో కూర్చోగానే వర్క్ వీసా సంగతి ఎత్తేదాన్ని. అమెరికాలో చదువయ్యాక ఒక ఏడాది పనిచేసుకోనిస్తారు. ఆ తర్వాత ఉండాలంటే ఏదో ఒక కంపెనీ మన తరఫున హెచ్ వన్ బీ వీసాకు దరఖాస్తు పెట్టాలి. ఏటా ఇన్నే అని కోటా ఉంటుంది. దరఖాస్తులు దాన్ని మించితే లాటరీ తీస్తారు. పెద్ద కంపెనీలు ఆ తలనొప్పి పడతాయి, చిన్నవి భయపడతాయి. ఇదంతా నేను మొదటి రోజే చెప్పేసరికి సాంబశివరావుగారికి ఒళ్లు మండేది.

“పద్మగారూ, పెళ్లిచూపుల్లోనే విడాకుల సంగతి మాట్లాడతారేంటండీ మీరు?” అని ఒకసారి అందరి ముందే అన్నాడు.

నేను మాత్రం మానలేదు.

రూత్

రెండు వేల ఆరు వానాకాలంలో రూత్ వచ్చింది. తండ్రి దేవసహాయం మణుగూరు బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. ఆమె బీఫార్మసీ చదివి, భద్రాచలం అవతల అడవి అంచున ఉన్న ఒక మిషన్ దవాఖానాలో మందుల విభాగం చూస్తోంది. తెల్ల చున్నీ, బురద అంటిన చెప్పులు. కూర్చుంటూనే అడిగింది.

“మేడమ్, కన్సల్టింగ్ అన్నది నిజంగ ఉద్యోగమేనా?”

“నీకెందుకొచ్చిందమ్మా ఆ అనుమానం?”

“మా దవాఖానాకు హైదరాబాద్ నుంచి ఇద్దరు వచ్చిండ్రు. కొన్ని రోజులు తిరిగి, మందులు ఊకె ఎందుకు అయిపోతున్నయో చెప్పి పోయిండ్రు. వాళ్లు చెప్పిన దాంట్ల సగం మేం ముందే చేస్తున్నం. మిగతా సగం నాకు ఎన్నడూ తట్టలేదు. అప్పటిసంది నాకు గదే పని చేయాలని ఉన్నది.”

నా దగ్గరికి కన్సల్టింగ్ అంటూ వచ్చేవాళ్లకు జీతం తెలుసు, సూట్లు తెలుసు, విమాన ప్రయాణాలు తెలుసు. ఆ పనేమిటో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఒక సంస్థ తన చిక్కు తాను విప్పుకోలేనప్పుడు బయటివాళ్లను పిలిచి చూడమంటుంది. ఆ చూసి చెప్పడమే మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్. రూత్ ఆ పనిని కళ్లారా చూసి, దాని మీద మనసుపడి వచ్చింది.

ఆమెకూ వీసా సంగతంతా చెప్పాను. చివరిదాకా విని, “ఇదంతా చెప్పి నన్ను పోవద్దంటున్నరా?” అంది.

“పొమ్మనే అంటున్నాను. అన్నీ తెలుసుకుని పొమ్మంటున్నాను.”

మరుసటి ఏడాది స్కాలర్‌షిప్‌తో అమెరికాలో ఒక మధ్యస్థాయి బిజినెస్ స్కూల్లో చేరింది. తొలి వేసవిలోనే ఒక పెద్ద కన్సల్టింగ్ కంపెనీలో ఇంటర్న్‌షిప్ చేసింది. చదువవగానే ఉద్యోగం ఇస్తామని వాళ్లు మాట కూడా ఇచ్చారు. మా ఆఫీసులో ఆ వార్త విని సాంబశివరావుగారు ఆమె ఫొటో ఫ్లెక్సీ మీద వేయించాడు.

మాట వెనక్కి పోయింది

ఆ తర్వాత అక్కడి బ్యాంకులు కూలడం, కంపెనీలు మనుషులను తీసేయడం అందరికీ తెలిసిందే. రూత్ చదువు రెండు వేల తొమ్మిది వేసవిలో ముగుస్తుందనగా, ఉద్యోగం ఇవ్వలేమని ఆ కంపెనీ చెప్పేసింది. ఆమె క్లాసులో అమెరికా పిల్లలకూ అలాగే జరిగింది. కానీ వాళ్లు ఇంటికెళ్లి మరో ఏడాది వెతుక్కోవచ్చు. రూత్‌కు ఆ వీలు లేదు. చదువయ్యాక ఇచ్చే ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలకు మించి పని లేకుండా ఉంటే దేశం వదిలి పోవాలి.

ఈ కబురు విని దేవసహాయంగారు మణుగూరు నుంచి మొదటి బస్సెక్కి వచ్చారు. సాంబశివరావుగారు ఆయనను లోపలికి పిలిచి, నన్నూ కూర్చోమన్నాడు. సాంబశివరావుగారి బావమరిది న్యూజెర్సీలో కన్సల్టెన్సీ నడుపుతున్నాడు. అది మేం చెప్పుకునే కన్సల్టింగ్ కాదు. మనుషులను కంపెనీలకు కాంట్రాక్టు మీద పంపే దుకాణం. రూత్ హైదరాబాద్‌లో ఐదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసినట్టు కాగితాలు పుట్టిస్తారు. ఆ అనుభవం చూపించి వీసా పెడతారు.

“అందరూ చేసేదేనండీ. నెల తిరిగేలోగా అమ్మాయి పనిలో ఉంటుంది” అన్నాడు సాంబశివరావుగారు.

అలా చేసిన వాళ్లలో మంచి పిల్లలూ ఉన్నారు. ఇరుక్కుపోయి చేశారు. కానీ టేకులపల్లి వైపు నుంచి వెళ్లిన ఒక కుర్రాడిని అమెరికా విమానాశ్రయంలో కూర్చోబెట్టి, నువ్వు పనిచేశానంటున్న ఆఫీసు ఏ వీధిలో ఉందో చెప్పమన్నారు. చెప్పలేక అటునుంచి అటే తిరిగొచ్చాడు. మళ్లీ వెళ్లే దారి లేకుండా పోయింది. ఆ సంగతి దేవసహాయంగారికి చెప్పాను. ఆయన తల పట్టుకున్నారు.

“నాకేం తెల్వదు మేడమ్. బిడ్డనే అడుగుదాం” అన్నారు.

ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టాం. మాకు పొద్దున, ఆమెకు రాత్రి. తండ్రి మెల్లగా మొదలుపెట్టారు.

“బిడ్డా, సారు ఒక తొవ్వ చెప్తున్నడు. వీసా అయితదట.”

ఆమెకు అప్పటికే న్యూజెర్సీ నుంచి ఫోన్ వెళ్లిందట. అంతా తెలుసు.

“నాయినా, వాళ్ల కాగితంల నేను ఐదేండ్లు హైదరాబాద్‌ల కంప్యూటర్ పని చేసిన. మరి దవాఖానాల మందులిచ్చింది ఎవరు?”

దేవసహాయంగారు ఫోన్ మీంచి చూపు తిప్పి సాంబశివరావుగారితో అన్నారు.

“వద్దు సారూ. మీరు మంచికే చెప్పిండ్రు. కాని వద్దు.”

సాంబశివరావుగారు నా వైపు తిరిగాడు. “అమ్మాయి తిరిగొస్తే ఊరంతా మన ఫ్లెక్సీ చూసి నవ్వుతారు. అప్పుడు జవాబు మీరే చెప్పాలండీ” అన్నాడు.

“చెబుతాను” అన్నాను. ఏం చెబుతానో ఆ క్షణాన నాకేమీ తెలియదు.

మేం చేసింది

ముందు ఆమె అక్కడ నిలబడాలి. తన చదువుకు సంబంధించిన పని వారంలో సగం రోజులైనా చేస్తే, జీతం లేకపోయినా, సేవా సంస్థలో అయితే అది పని కిందే లెక్క అని నేను నిబంధనల్లో చదివాను. చదివినంత మాత్రాన నా మాట మీద ఆమెను నడిపించలేను. “మీ కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు ఉంటుంది. వాళ్లను అడిగి, వాళ్లు సరేనంటేనే చెయ్యి” అన్నాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి. మనం లాయర్లం కాదు. ఎవరిని అడగాలో చెప్పడమే మన పని.

వాళ్లు సరేనన్నారు. రూత్ ఆ ఊళ్లోనే బీదవాళ్లకు వైద్యం చేసే ఒక క్లినిక్‌లో మందుల నిల్వలు చూసే పనిలో చేరింది. జీతం లేదు. చర్చిలో పరిచయమైన ఒక కుటుంబం వాళ్ల ఇంట్లో గది ఇచ్చింది.

ఇక ఉద్యోగాల వేట. ప్రతి దరఖాస్తులోనూ ఒక ప్రశ్న ఉంటుంది, మీకు ఇప్పుడు గానీ ముందు ముందు గానీ వర్క్ వీసా అవసరమా అని. అవును అని రాసిన మరుక్షణమే చాలా కంపెనీల కంప్యూటర్లు ఆ దరఖాస్తును పక్కన పడేస్తాయి. స్నేహితులు, ముందు కాదని రాసెయ్, ఇంటర్వ్యూలో మెప్పించాక చెప్పుకోవచ్చు అన్నారట.

“ఏం రాయాల్నో చెప్పండి మేడమ్” అంది.

“అవుననే రాయి. అబద్ధంతో లోపలికి పోతే, నిన్ను ఎంత ఇష్టపడినవాళ్లయినా అది తెలిశాక వదిలేస్తారు.”

రాసింది. వరసగా కాదనిపించుకుంది. నేనిచ్చిన సలహాకు ఆమె మూల్యం చెల్లిస్తోందని నాకు తెలుసు.

ఆఫీసు తెరవకముందే వారానికి రెండుసార్లు ఫోన్లో ఇంటర్వ్యూ సాధన చేయించేదాన్ని. కన్సల్టింగ్ ఇంటర్వ్యూలో ఒక చిక్కు ఇచ్చి, ఎలా విప్పుతావో చెప్పమంటారు. ఒకరోజు అడిగాను, ఒక ఆసుపత్రిలో మందుల ఖర్చు పెరిగిపోతోంది, కారణం కనిపెట్టు అని. ఆమె గడగడా మొదలుపెట్టింది. ఆదాయం ఒకవైపు, వ్యయం ఒకవైపు, స్థిరవ్యయం, చరవ్యయం. తప్పేమీ లేదు. కానీ ఎంబీఏ చదివిన ఎవరైనా అదే చెబుతారు.

“రూత్, ఆపు. పుస్తకం అప్పజెప్పుతున్నావు. మీ దవాఖానాలో మందులు అయిపోతే నువ్వేం చేసేదానివో చెప్పు.”

అప్పుడు చెప్పింది.

“వానలు పడితే వాగులు పొంగి ఊర్లకు తొవ్వ ఉండదు మేడమ్. మలేరియా గప్పుడే వస్తది. నేను పోయిన కొత్తల అన్ని ఊర్లకు సమానంగ మందులు పంపేటోళ్లు. కొన్ని ఊర్లల మిగిలి పాడైతుండె, కొన్ని ఊర్లల మనుషులు చచ్చిపోతుండ్రి. నేను నర్సమ్మలతోని తిరిగి, ఏ వాగు ముందు పొంగుతది, ఏ ఊరు ముందు తెగిపోతది, అక్కడ మందులు నమ్మి ఎవరి చేతిల పెట్టొచ్చు అని అడిగిన. ఆ ఊర్లకు వానల కంటే ముందే ఎక్కువ పంపినం. కోయ ఊర్లల అయితే వాళ్ల భాషల మాట్లాడే ఆరోగ్య కార్యకర్త దగ్గర పెట్టినం. తర్వాతి వానాకాలం మందు అందక ఎవరూ పోలేదు.”

మూడేళ్లుగా ఆ అమ్మాయిని ఎరుగుదును. ఈ మాట ఎప్పుడూ చెప్పలేదు.

“ఇది ఏ ఇంటర్వ్యూలోనైనా చెప్పావా?”

“గిది ఏం కన్సల్టింగ్ మేడమ్? వానల ముందు మందులు పంపుడే కదా.”

“అదే కన్సల్టింగ్. ఇక నుంచి మొదట ఇదే చెప్పు.”

మన పిల్లలు విదేశాలకు పోగానే అక్కడివాళ్లలాగా కనిపించాలని చూస్తారు. అక్కడివాళ్లలాంటి వాళ్లు కావాలంటే కంపెనీకి అక్కడివాళ్లే దొరుకుతారు, వీసా బాధ కూడా ఉండదు. వీసా పెట్టించుకునేవాళ్లు తమ దగ్గర ఏముందో ముందు తాము తెలుసుకోవాలి. దాన్ని బయటికి తీయించడమే మన ఉద్యోగంలో అసలు పని. రోజూ ఎదురుగా ఉన్నది కాబట్టి వాళ్లకు అది విలువైనదని తోచదు.

చిన్న సంస్థ

ఆ క్లినిక్‌కు వచ్చే ఒక డాక్టరు రూత్ పని గమనించాడు. వచ్చిన కొద్ది రోజుల్లోనే అక్కడ మందులు గడువు దాటి పారేయడం తగ్గిందట. ఆయనకు తెలిసిన ఒక చిన్న కన్సల్టింగ్ సంస్థ ఉంది. పట్టుమని పదిమంది లేరు. మంచు బాగా పడే ప్రాంతాల్లో చిన్న ఊళ్ల ఆసుపత్రులకు సలహాలిస్తుంది. దాని యజమాని ఎలెన్ అనే పెద్దావిడ, ఒకప్పుడు నర్సు. డాక్టరు చెప్పగా ఆవిడ రూత్‌ను రమ్మంది.

ఆ మర్నాడు రూత్ నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. ఎలెన్ ఒక మ్యాపు పరిచి, చలికాలంలో ఈ ఆరు ఆసుపత్రులకు దారులు మూసుకుపోతాయి, మందులు ఎక్కడెంత పెట్టాలి అని అడిగిందట. రూత్ అంకెలు అడగలేదు. ఏ దారి ముందు మూసుకుపోతుంది, ఫార్మసిస్టు రాలేని రోజు మందుల గది తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అని అడిగింది. ఆ తాళం సంగతి నీకెలా తట్టింది అని ఎలెన్ అడిగితే, అడవిలో తన వానాకాలాల గురించి చెప్పింది. ఆ సంభాషణ భోజనాల వేళ దాటినా సాగింది.

ఆఖరున ఎలెన్ అంది, “నాకు నువ్వు కావాలి. కానీ మేం ఎప్పుడూ ఎవరికీ వీసా పెట్టలేదు. లాటరీలో పేరు రాకపోతే ఏడాది శ్రమ వృథా కదా.”

ఈ మాట వస్తుందని మాకు తెలుసు. దీనికోసమే కొన్ని వారాలుగా సిద్ధపడ్డాం. ముందటి ఏడాది ఏప్రిల్ తొలి వారంలోనే కోటా నిండి లాటరీ తీశారు. ఈ ఏడాది కంపెనీలు ఎవరినీ తీసుకోకపోవడంతో వేసవి దాటినా కోటా ఇంకా మిగిలే ఉంది. ఎన్ని దరఖాస్తులు వచ్చాయో అక్కడి ప్రభుత్వం ఎప్పటికప్పుడు ప్రకటించేది. నేను ప్రతిసారీ చూసేదాన్ని. మాంద్యంలో వీసాలు అసలు దొరకవని ఖమ్మం నుంచి న్యూజెర్సీ దాకా అందరూ అనుకుంటున్నారు. వీసాలున్నాయి, పెట్టే కంపెనీలే లేవు.

రూత్ ఎలెన్‌తో నిదానంగా చెప్పింది. “ఈ ఏడాది లాటరీ లేదు. కోటా ఇంకా మిగిలి ఉంది. నా మాట మీద నమ్మొద్దు. రేపు మీ లాయరును అడగండి.”

ఎలెన్ మర్నాటిదాకా ఆగలేదు. రూత్ ఎదురుగానే లాయరుకు ఫోన్ చేసింది. ఆయన తెలుసుకుని చెబుతానన్నాడు. రెండు రోజుల తర్వాత, ఆ అమ్మాయి చెప్పింది నిజమే, వెంటనే పెట్టండి అన్నాడు.

పెట్టారు. మధ్యలో ఒక అడ్డు వచ్చింది. ఇంత చిన్న సంస్థకు ఎంబీఏ చదివిన మనిషి ఎందుకు అని వీసా అధికారులు వివరణ అడిగారు. జవాబు ఎలెన్ స్వయంగా రాసింది. మంచుకు దారి మూసుకుపోయిన ఊళ్లో మందు లేక రోగి పోతే ఎలా ఉంటుందో ఆవిడ నర్సుగా చూసిన మనిషి. ఈ పనికి ఈ మనిషే ఎందుకో రెండు పేజీల్లో రాసి పంపింది.

ఆ రోజు

వీసా సంగతి తేలే వారమని తెలిసి దేవసహాయంగారు రాత్రి షిఫ్టు దిగి, నిద్ర కూడా పోకుండా ఖమ్మం వచ్చేశారు. మణుగూరులో ఇంట్లో ఫోన్ ఉంది. అయినా మా ఆఫీసుకే వచ్చారు. “ఒక్కన్ని వినలేను మేడమ్” అన్నారు.

ఫోన్ మోగింది. నేను తీశాను. రూత్ గొంతు మామూలుగానే ఉంది. ఆ పిల్ల ఎప్పుడూ గొంతు పెంచదు.

“మేడమ్, అయింది. మంజూరైంది.”

సాంబశివరావుగారు తన గదిలోంచి చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చాడు. ఫోన్ దేవసహాయంగారికి ఇచ్చాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు.

“బిడ్డా, నీ పేరుతోనే వచ్చిందా?”

“అవ్ నాయినా. నా పేరుతోనే. నేను చేసిన పనితోనే.”

ఆయన కళ్లు తుడుచుకోలేదు. అలాగే నవ్వుతూ నిలబడ్డారు.

సాంబశివరావుగారు మనిషిని పంపి లడ్డూలు తెప్పించాడు. పొట్లం విప్పుతూ నాతో అన్నాడు, “పద్మగారూ, ఇక మీదట కొత్తగా వచ్చేవాళ్లతో ముందు మీరే మాట్లాడండి. నేను తర్వాత మాట్లాడతాను.” ఆయన నోటి నుంచి అంతకంటే పెద్ద మాట నేను ఆశించలేదు. ఆ రోజు నుంచి నా ఉద్యోగం చివరి రోజు దాకా ఆఫీసు అలాగే నడిచింది.

దేవసహాయంగారు లడ్డూ సగం తిని, మిగిలింది జేబురుమాల్లో కట్టుకుని లేచారు. మణుగూరు బస్సుకు టైమైందన్నారు. మెట్ల మీద ఎవరో ముగ్గురు కుర్రవాళ్లు పైకి వస్తున్నారు. వాళ్లెవరో ఆయనకు తెలియదు. అయినా ఒక్కొక్కరినీ ఆపి, భుజం మీద చెయ్యి వేసి చెప్పారు.

“మా బిడ్డకు అయింది. అబద్ధం చెప్పకుంటనే అయింది.”

ఆ ముగ్గురూ పైకొచ్చి నా టేబుల్ ముందు నిలబడ్డారు. ములకలపల్లి నుంచి వచ్చారట. ముందున్నవాడు కాస్త బెరుగ్గా అడిగాడు.

“మేడమ్, ఆ పెద్దాయన బిడ్డకు చెప్పినట్టే మాకు కూడ చెప్తరా?”

“కూర్చోండి. ముందు మీ ఊళ్లో మీరేం పని చేశారో చెప్పండి” అన్నాను.